తమ్మీ, ఆ బండ పేరు గార్డమ్స్ ఎడ్జ్

మొన్న ఉగాది రోజు ఒక అబద్ధమాడాను. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మనవాళ్లం ఏటా ఒక హాలు అద్దెకు తీసుకుని పచ్చడి, పులిహోర, పిల్లల డాన్సులు అన్నీ ఒక్క పూటలో కానిచ్చేస్తాం. పులిహోర లైన్లో నా వెనక నిలబడ్డ పిల్లగాడు మాస్టర్స్ కోసం వచ్చి ఏడాది కూడా కాలేదు. నేను తాడు కట్టుకుని బండలెక్కుతానని, అదే రాక్ క్లైంబింగ్ చేస్తానని, ఎవరో చెప్పారట.

"అన్నా, ఆదివారం స్టానేజ్ పోతే ఒక్కో రూట్ కాడ అర్ధగంట ఆగుడే అయితుంది. జనం లేని జాగ ఏదన్న ఉంటే చెప్పరాదే" అన్నాడు. స్టానేజ్ అంటే ఇక్కడ క్లైంబర్లంతా ఎగబడే పెద్ద బండ, రూట్ అంటే దాని మీద ఎక్కే ఒక దారి.

నేను ప్లేటు వైపు చూసుకుంటూ "అసొంటిది నాకేం తెల్వదు తమ్మీ" అన్నాను.

తెలుసు. ఎనిమిదేళ్లుగా నెలకు రెండుసార్లయినా పోయే చోటు. శనివారం పొద్దున పోయి పొద్దుగూకే దాకా ఉన్నా ఇద్దరో ముగ్గురో కనబడతారు, ఒక్కోసారి వాళ్లూ ఉండరు. ఆ పిల్లగాడు అడిగింది అప్పు కాదు, సిఫార్సు కాదు. అయినా ఆలోచించేలోపే నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. ఇంటికి కారు నడుపుతూ దారంతా దాని గురించే ఆలోచించాను.

నాకు ఆ చోటు చూపించిన పెద్దాయన ఇక్కడివాడే. డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి, అయినా తాడు వదలడు. మొదటి రోజే అన్నాడు, ఈ చోటు గురించి ఊరంతా టముకు వేయొద్దని. నేను తలూపాను. ఆ మాట నిలబెట్టుకున్నానని కాసేపు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఆయన ఆ మాట అన్నది నన్ను అక్కడికి తీసుకెళ్లాకే కదా.

అందుకని మనసు మారకముందే పేరు రాసేస్తున్నాను. గార్డమ్స్ ఎడ్జ్. డార్బీషైర్‌లో, బాస్లో ఊరి పైన, షెఫీల్డ్ నుంచి వచ్చే రోడ్డు పక్కనే, చెట్ల వెనకాల ఉంటుంది. నిజానికి ఇందులో దాచడానికి ఏమీ లేదు. క్లైంబింగ్ గైడు పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న చోటే. దుకాణంలో డబ్బులు పెట్టి కొనుక్కోగలిగిన సమాచారాన్ని నేను ఒక పిల్లగాడి దగ్గర దాచాను.

ఖాళీగా ఉన్న బండ పేరు దాచిపెట్టి, బండను కాపాడుతున్నానని చెప్పుకోవడం బొంకు. కాపాడుకునేది మన ఆదివారాన్ని. ఇదీ నా వాదన. ఇది అనుకున్నంత గట్టిగా నిలబడే మాటేం కాదు. రాస్తుంటే నాకే రెండు మూడు చోట్ల కాలు జారుతోంది.

ఇసుర్రాయి పుట్టిన బండ

ఎడ్జ్ అని పిలిచే ఈ కొండ అంచు బండలన్నీ గ్రిట్‌స్టోన్ అనే గరుకు ఇసుకరాయి. దానికి భూగర్భ శాస్త్రంలో మిల్‌స్టోన్ గ్రిట్ అని పేరు. ఇసుర్రాయి బండ అన్నమాట, కోస్తా వాళ్ల లెక్కన తిరగలి రాయి. వందల ఏళ్లపాటు ఈ అంచుల కింద కూర్చుని ఇసుర్రాళ్లు చెక్కేవాళ్లు. జనానికి తెల్ల రొట్టె మీద మోజు పెరిగాక, ఈ రాయి పిండిని బూడిద రంగుకు తిప్పుతోందని ఫ్రాన్స్ నుంచి రాయి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఇక్కడి పని పడిపోయింది. చెక్కినవి చెక్కినట్టే వదిలేసి పోయారు. స్టానేజ్ కింద ఫెర్న్ పొదల్లో పెద్ద పెద్ద చక్రాలు ఇప్పటికీ నాచు పట్టి పడి ఉన్నాయి. ఈ బండలన్నీ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ గుర్తు కూడా ఇసుర్రాయే. మొదటిసారి వాటిని చూసినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. కందులు ఇసిరితే పప్పులో రాతి పొడి వచ్చేది, "పంటికింద రాయి లేకుంటే అది ఇంటి పప్పు ఎట్లయితది" అనేది.

సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట ఉత్తరాన ఉన్న కొండలు అరిగి, ఆ ఇసుక పెద్ద నదుల డెల్టాల్లో పేరుకుని గట్టిపడితే ఈ రాయి అయింది. ముక్కు ఆనించి చూస్తే క్వార్ట్జ్ పలుకులు, అక్కడక్కడ శనగగింజంత గులకరాళ్లు కనిపిస్తాయి. పట్టుకోవడానికి ఏమీ లేని చోట ఆ గులకరాయి మీదే బొటనవేలు మోపి నిలబడాలి. మన తెలంగాణ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని ముందు ఇది చంటిపిల్ల.

ఈ బండకు పట్టులు తక్కువ, గరుకు ఎక్కువ. అంచులన్నీ గాలికీ వానకీ గుండ్రంగా తేలిపోయి ఉంటాయి. అరచెయ్యి మొత్తం ఆనించి, జారదని నమ్మాలి. చేతికి చెమట పడితే ఆ నమ్మకం పోతుంది. అందుకే ఇక్కడి క్లైంబర్లు జనవరిలో వేళ్లు కొంకర్లు పోయే చలిని పట్టుకుని "ఈ రోజు బాగుంది" అంటారు. కరీంనగర్ ఎండల్లో పెరిగినవాణ్ని, ఇప్పుడు నేనూ అంటున్నాను. మా ఆవిడ మాత్రం ఇది తెలివి ఉన్నవాళ్లు చేసే పని కాదనే మాట మీదే ఉంది.

పట్టు లేని చోట పగులు ఉంటుంది. పగుల్లో చెయ్యి దూర్చి, బొటనవేలు అరచేతిలోకి మడిస్తే చెయ్యి ఉబ్బి ఇరుక్కుంటుంది. దాని మీదే ఒంటి బరువంతా వేలాడదీయాలి. ఈ విద్యలో అందరికంటే పేరు మోసినవాడు జో బ్రౌన్. మాంచెస్టర్‌లో ప్లంబింగ్ పని చేసుకునే కుర్రాడు, 1949లో స్టానేజ్ మీద రైట్ అన్‌కాంకరబుల్ అనే రూట్‌ను ఎక్కాడు. ఆరేళ్లకు, 1955 మే 25న, జార్జ్ బ్యాండ్‌తో కలిసి కాంచన్‌జంగా మీదికి మొట్టమొదట చేరిన జట్టు కూడా అతనిదే. శిఖరానికి కాస్త కింద అడ్డొచ్చిన ఒక పగులును ఇంగ్లండ్ బండల మీద నేర్చిన ఈ చేతివాటంతోనే ఎక్కాడు. ఎక్కి, శిఖరం కొన్ని అడుగుల దూరంలో ఉండగా ఇద్దరూ ఆగిపోయారు. పైన కాలు మోపబోమని సిక్కిం రాజుకు మాట ఇచ్చి పోయారు మరి. ఆ ఆగడం గురించి తర్వాత మళ్లీ చెప్తాను.

గార్డమ్స్‌లో నాకు ఇష్టమైనది ఎన్.ఎం.సి. క్రాక్ అనే పగులు రూట్. గ్రేడు హార్డ్ వెరీ డిఫికల్ట్. పేరు చూసి హడలిపోకండి. ఇక్కడి లెక్కలో అన్నిటికంటే తేలిక మోడరేట్, తర్వాత డిఫికల్ట్, ఆ పైన వెరీ డిఫికల్ట్. అంటే "చాలా కష్టం" అనేది మూడో మెట్టు. భయపెట్టే మాటలన్నీ ముందే ఖర్చు చేసేసుకుని, తర్వాత నిజంగా కష్టమైనవి వచ్చేసరికి ఎక్స్‌ట్రీమ్ అని పెట్టి, దానికి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకుంటూ పోయారు. అక్కడే ఉన్న మోయర్స్ బట్రెస్ ఇ1. దాని కింద నిలబడి తల పైకెత్తి చూడటం వరకే ఇన్నేళ్లలో నేను చేసింది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే తర్వాతి వాదన తెగదు. ఈ రాయి మీద డ్రిల్లు పెట్టి ఇనుప మేకులు దించరు. చట్టమేం కాదు, కట్టుబాటు. ముందు ఎక్కేవాడు పగుళ్లలో లోహపు నట్లు ఇరికించి వాటికి తాడు తగిలించుకుంటూ పోతాడు, వెనక వచ్చేవాడు వాటిని పీక్కుంటూ వస్తాడు. మొదట్లో రైలు పట్టాల పక్కన దొరికిన మామూలు ఇనుప నట్లకే తాడు గుచ్చి వాడారట. దిగిపోయాక బండ మీద చేతులకు పూసుకునే సుద్ద పొడి కాస్త తప్ప ఏమీ మిగలకూడదు.

బామ్‌ఫర్డ్ సంగతి మర్చిపోయావా

పేరు బయటపెడితే ఏమవుతుందో తెలియనివాణ్ని కాదు. బామ్‌ఫర్డ్ ఎడ్జ్ ఉంది. లోయ మీదికి నాలుకలా చాచుకున్న ఒక రాయి, దాని కొసన నిలబడితే వెనక లేడీబవర్ చెరువు నీళ్లు. ఫోన్లకోసమే పుట్టినట్టుంటుంది. ఆ ఫొటో చుట్టేశాక వారాంతాల్లో అక్కడి ఇరుకు రోడ్డు మీద కార్లు రెండు వైపులా గడ్డి మీదికెక్కి ఉంటున్నాయి. ఆ రాయి మీద నిలబడటానికి లైను. ఒకరోజు ఒకమ్మాయి బ్యాగులోంచి లెహంగా తీసి జాకెట్ మీదే కట్టుకోవడం చూశాను. నాకు కోపం రాలేదు, గాలికి ఆ అమ్మాయి ఎక్కడ ఎగిరిపోతుందోనని టెన్షన్ వచ్చింది.

నవ్వుకోవచ్చు గానీ, దారి మాత్రం నిజంగానే అరిగింది. కాలిబాట పక్కన పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న మట్టి, నల్లగా బయటపడింది. ఎండాకాలంలో ఎవరో ఒకరు డిస్పోజబుల్ బార్బెక్యూ వెలిగిస్తారు. 2018లో శాడిల్‌వర్త్ మూర్ అనే బీడు కొండ రోజుల తరబడి తగలబడినప్పుడు ఈ ప్రాంతం వాళ్లకు పట్టుకున్న భయం ఇంకా పోలేదు.

పిట్టలూ ఉన్నాయి. రింగ్ ఊజల్ అని ఒకటి, ఒళ్లంతా నలుపు, రొమ్ము మీద తెల్ల నెలవంక. చలికాలం ఉత్తర ఆఫ్రికాలో గడిపి వసంతంలో ఇక్కడికొచ్చి బండ సందుల్లో గూడు పెడుతుంది. మనిషి పదే పదే అటూ ఇటూ తిరిగితే గూడు వదిలేసే ప్రమాదం ఉంటుంది.

అన్నిటికంటే నన్ను ఇరకాటంలో పెట్టేది గార్డమ్స్ పైనే ఉంది. అక్కడ గడ్డి మైదానంలో ఒక చదును రాయి మీద గుండ్రటి గుంటలు, వలయాలు చెక్కి ఉంటాయి. చరిత్రకు పూర్వం ఎవరో చెక్కినవి. మొదటిసారి దాని మీద చెయ్యి పెట్టి ఒళ్లు పులకరించిపోయాను. వేలితో తట్టి చూడమన్నాడు పెద్దాయన. డొల్ల శబ్దం. అది నకలు. అసలు రాయి అరిగిపోకుండా మట్టి కింద పూడ్చి, పైన అచ్చుపోసిన బొమ్మ పెట్టారు. దాచడం కూడా కాపాడటమేనని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

ఒప్పుకుంటున్నాను. కొన్నిటిని దాచాల్సిందే. కానీ చూడండి, దాన్ని దాచినవాళ్లు ఒకటి చేశారు. పైన నకలు పెట్టి, నాలాంటివాడు మోసపోయి పులకరించే వీలు మిగిల్చారు. మాకే తెలుసు, మీకు లేదు అనలేదు. పిట్టల విషయంలోనూ అంతే. స్టానేజ్‌లో వలంటీర్లు గూడు ఎక్కడుందో చూసి, ఆ కాస్త మేరకు, ఆ కొన్ని వారాలకు మాత్రం ఎక్కొద్దని బోర్డు పెడతారు. పిల్లలు ఎగిరిపోగానే బోర్డు తీసేస్తారు. ఎక్కేవాళ్లూ చాలావరకు వింటారు. కాంచన్‌జంగా చివరి అడుగులు వదిలేసి దిగొచ్చినవాడు చెయ్యి తిప్పిన బండలివి, పిట్ట కోసం ఒక రూట్ వదలడం పెద్ద త్యాగమేం కాదు. కారణం చెప్పి, హద్దు గీసి, గడువు పెట్టి అడిగితే అది కాపాడటం. పులిహోర లైన్లో నేను చేసినదానికి ఈ మూడింటిలో ఏదీ లేదు.

పచ్చబడిపోయే బండ

జనం ఎక్కువైతే బండ పాడవుతుందని అందరికీ తెలుసు. జనం లేకపోతే ఏమవుతుందో బయటివాళ్లకు అంతగా తెలియదు.

గార్డమ్స్ పడమర ముఖంగా ఉంటుంది, సాయంత్రం ఎండ బాగుంటుంది. కానీ కిందంతా బర్చ్, ఓక్ చెట్లు. ఆకులు వేశాక గాలి ఆడదు, వాన పడితే తడి ఆరదు. నాలుగేళ్ల కిందట చెట్ల మాటున ఒక చిన్న రూట్ ఎక్కాను. కష్టమైనదేం కాదు, ముచ్చటైనది. పోయిన అక్టోబర్లో మళ్లీ దాని దగ్గరికి పోతే గుర్తు పట్టలేదు. బండ మొత్తం పసరు పూసినట్టు పచ్చగా ఉంది. పగుల్లో మట్టి చేరి, ఆ మట్టిలో గడ్డి మొలిచింది. చెయ్యి పెడితే సబ్బు మీద పెట్టినట్టు ఉంది. ఈ నాలుగేళ్లలో దాన్ని ఎంతమంది ఎక్కి ఉంటారు? ఎవరూ ఎక్కలేదేమో. ఎవరికీ చెప్పని నా పుణ్యం కూడా అందులో ఉంది.

నాలుగు కాళ్లు తిరిగితేనే దారి దారిగా ఉంటుందని మన పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. బండకూ అంతే. ఏడాదికి కొన్ని పదుల మంది చేతులు తగిలితే పాచి నిలవదు. ఎవరూ రాకపోతే ఏ ఆత్రగాడో ఒక రోజు వైర్ బ్రష్ తెచ్చి బరబరా గీకుతాడు, దాంతో పాచితో పాటు రాతి పైపొర కూడా లేచిపోతుంది. లోపలి రాయి మెత్తన, అది ఇక అరుగుతూనే ఉంటుంది.

మరి మరీ ఎక్కువ మంది వస్తే? అరిగి నున్నబడుతుంది. స్టానేజ్‌లో పేరున్న తేలిక రూట్ల మీద మొదటి రెండు మెట్లు గుడి గడప లాగా మెరుస్తుంటాయి. మా ఊళ్లో ఇసుర్రాయి నున్నబడితే కక్కు కొట్టేవాణ్ని పిలిచేవాళ్లు. ఉలితో టకటకా గాట్లు పెట్టి, మళ్లీ గరుకు చేసి, శేరు బియ్యం పట్టుకుపోయేవాడు. ఇసుర్రాయి పుట్టిన ఈ బండకు మాత్రం కక్కు కొట్టకూడదు. బండ మీద ఉలి పెట్టడాన్ని ఇక్కడ మహాపాపంగా చూస్తారు. నున్నబడిందంటే ఇక అంతే, నున్నగానే ఎక్కాలి.

అంటే జనం మరీ తక్కువైనా నష్టమే, మరీ ఎక్కువైనా నష్టమే. స్టానేజ్‌లో అరిగిపోతున్నది, గార్డమ్స్‌లో పాచిపట్టిపోతున్నది ఒకే రాయి. మధ్య దూరం పావుగంట, ఇరవై నిమిషాల డ్రైవు. అక్కడ లైన్లో నిలబడ్డ పదిమందిలో ఇద్దరు ఇటు వస్తే రెండు బండలకూ మేలు. ఆ ఇద్దరిలో ఒకడు నన్ను అడిగాడు, నేను ప్లేటు చూసుకున్నాను.

పిట్టలు బెదురుతాయన్నది పాత మాటే

ఇక్కడి చరిత్ర కొంచెం తెలిసినవాళ్లకు నా అబద్ధంలో ఇంకో వాసన కూడా వస్తుంది.

1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ నుంచీ, షెఫీల్డ్ వైపు నుంచీ కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలనే చొరబడ్డారు. ఎక్కువ మంది ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో పని చేసే కుర్రాళ్లు. ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్‌కు ఇరవై ఏళ్లు. ఆ కొండలు జమీందార్లవి, గ్రౌస్ పిట్టల వేటకు అట్టిపెట్టుకున్నవి. కావలివాళ్లు కర్రలు పట్టుకుని అడ్డం వచ్చారు. ఐదుగురికి జైలు పడింది. పెద్దమనుషులు అప్పుడు చెప్పిన సాకుల్లో ముఖ్యమైనది ఏమిటంటే, జనం తిరిగితే పిట్టలు బెదురుతాయని. తర్వాత వాటిని కాల్చుకు తినేది వాళ్లే అనుకోండి. డెబ్బై ఏళ్ల తర్వాత, 2002లో, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ తన తాత చేసినదానికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు.

1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ కావడానికీ, 2000 నాటి చట్టంతో ఇలాంటి బీడు కొండల మీద ఎవరైనా కాలినడకన తిరిగే హక్కు రావడానికీ వెనక అట్లాంటి గుంపులున్నాయి. నేను గార్డమ్స్‌కు పోయేది ఆ హక్కుతోనే. దాన్ని గెలిచిన గుంపును పొగుడుతూ, ఈనాటి గుంపును చూసి ముఖం ముడుచుకుంటే, నేను కర్ర పట్టుకోని కావలివాణ్ని అయినట్టే.

ఇందులో మన లెక్క కూడా ఒకటుంది. ఇక్కడివాళ్లకు ఇలాంటి చోట్లు తండ్రి చూపిస్తాడు, లేకపోతే స్కూలు మాస్టారు, క్లబ్బులో సీనియర్. ఆ చుట్టరికం లేనివాడికి గూగుల్లో మొదట వచ్చే పేరే దిక్కు. అందుకే మనవాళ్లంతా స్టానేజ్‌కో బామ్‌ఫర్డ్‌కో పోయి అక్కడే పోగవుతారు. పోగైతే మళ్లీ మనల్నే అంటారు, వీళ్లకు గుంపు తప్ప తెలియదని. మొదటి ఏడాది నేను ఒక్కణ్నే తాడు భుజాన వేసుకుని గడ్డిలో నడుస్తుంటే కుక్కతో ఎదురొచ్చిన ఒక పెద్దావిడ "దారి తప్పావా నాయనా" అన్నట్టు అడిగింది. చాలా ప్రేమగానే అడిగింది. తాడు ఉన్నవాణ్ని దారి తప్పావా అని అడగాలనిపించడం ఏమిటని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అట్లాంటి ప్రశ్న ఇంకో నలుగురు మనవాళ్లు తాళ్లతో కనబడితే గానీ ఆగదు.

మా ఊరి గుట్ట

ఈ వాదనలన్నీ పక్కన పెడితే నాకు లోపల గుచ్చుకునేది వేరే ఉంది.

మా ఊరికి ఉత్తరాన ఒక గుట్ట ఉండేది. దసరా సెలవుల్లో సీతాఫలాలకు పోయేవాళ్లం. పైన ఏనుగంత గుండ్రాయి, దాని కింద నలుగురం కూర్చునేంత నీడ. పటంలో దానికి పేరు లేదు, గుట్ట అంటే గుట్టే. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా అక్కడ గ్రానైటు కోయడం మొదలైంది. వజ్రపు తీగతో వెన్నలా కోసి, గదంత బ్లాకులు లారీల మీద తీసుకుపోయారు. ఇప్పుడక్కడ నీళ్లు నిండిన గుంట ఉంది, చుట్టూ ముళ్లకంచె. కరీంనగర్ వైపు వాళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఆ గుట్ట కోసం ఎవరూ ఒక అర్జీ పెట్టలేదు. మా ఊరి వాళ్లకు కూలి దొరికింది, బయటివాళ్లకు ఆ గుట్ట ఉన్నట్టే తెలియదు. మనసులో ప్రేమ ఉన్నవాణ్ని నేను ఒకణ్ని, హైదరాబాదులో కాలేజీలో కూర్చున్నాను. ప్రశాంతంగా, ఎవరికీ తెలియకుండా ఉన్న బండకు ఎంత రక్షణ ఉంటుందో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

దీనికి జవాబు నాకు తెలుసు, నా స్నేహితుడొకడు వెంటనే అన్నాడు కూడా. "హైదరాబాదు బండలు తెలియనివారెవరు? అవి మిగిలాయా?" మిగల్లేదు. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా కళ్ల ముందే పేల్చేశారు. రాళ్లను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకుని పోట్లాడితే కొన్ని మిగిలాయి. ఖాజాగూడ గుట్టల దగ్గర ఈనాటికీ గొడవ పడుతూనే ఉన్నారు. కాబట్టి పేరు తెలిసినంత మాత్రాన బండ బతుకుతుందని నేను అనను. కానీ ఖాజాగూడలో గొడవ పడేవాళ్లలో ఆ రాళ్ల మీద వేళ్లు చీరుకున్నవాళ్లు ఉన్నారు. చెయ్యి పెట్టినవాడికి ఒక రకం హక్కు వస్తుంది, కాగితం మీద లేకపోయినా. మా గుట్టకు అట్లాంటి చేతులు ఒక పాతిక ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఏమీ కాకపోయేదేమో. కనీసం గొడవ అయ్యేది.

ఇంగ్లండ్‌లో గార్డమ్స్‌ను ఎవరూ కోసుకుపోరు, అది నేషనల్ పార్క్ లోపల ఉంది. ఆ తేడా నాకు తెలుసు. అయినా ఖాళీ బండను చూసి మురిసిపోతున్న ప్రతిసారీ ఆ నీళ్ల గుంట కళ్ల ముందుకొస్తుంది.

మరి ఎట్లా చెప్పాలి? ఫొటో మీద పిన్ను గుచ్చి వదిలితే బామ్‌ఫర్డ్ అవుతుందని భయం. అట్లాగని "నేను చేయి పట్టుకుని తీసుకుపోయినవాడే రావాలి" అంటే, ఎవడు తగినవాడో తేల్చే పెత్తనం నాకెవరిచ్చారు? కొన్నాళ్లు ఈ రెండో దారే మంచిదనుకున్నాను. పెద్దాయన నన్ను అట్లాగే తెచ్చాడు కదా. కానీ ఆయన తెచ్చింది నన్ను ఒక్కణ్ని. ఆఫీసులో ఆయన పక్క సీటు నాకు కాక ఇంకొకరికి పడి ఉంటే ఆ ఇంకొకరు. ఇది పుట్టుకలాగా, లాటరీ. అందుకే పేరు బాహాటంగా రాస్తున్నాను, రాసి పక్కనే మిగతావి కూడా: వాన పడ్డ మర్నాడు పోకండి, పాచి ఉంటే నైలాన్ బ్రష్ వాడండి, ఎండు బర్చ్ కొమ్మ కింద నిప్పు పెట్టకండి, బోర్డు ఉంటే వెనక్కి రండి, మార్చి నుంచి జులై ఆఖరి దాకా కుక్క ఉంటే తాడు కట్టండి. చదివిన వందమందిలో సగం మంది పోరు. మిగిలినవాళ్లలో సగం మంది పచ్చటి బండ చూసి మళ్లీ రారు.

ఆఖరి బస్సు

ఉగాది అయిన రెండో ఆదివారం ఆ పిల్లగాడికి ఫోన్ చేశాను. "తమ్మీ, ఒక జాగ గుర్తొచ్చింది" అన్నాను. గుర్తొచ్చింది అన్నది కూడా అబద్ధమే, దాన్ని బస్సులో ఒప్పుకున్నాను. నవ్వాడు. "నాకు తెల్సన్నా, నువ్వు ప్లేట్ల చూసుకుంట మాట్లాడినవ్" అన్నాడు.

చూడగానే అతనికి నచ్చలేదు. చెట్లు, బురద, సిగ్నల్ లేదు. "ఇదేనా?" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ముందు ఆ పచ్చబడిన చిన్న రూట్ దగ్గరికి తీసుకుపోయి నైలాన్ బ్రష్ ఒకటి చేతిలో పెట్టాను. గంటన్నర ఇద్దరం పగుల్లోంచి మట్టి గోకాము. ఎక్కలేదు, ఇంకా తడిగానే ఉంది. తర్వాత ఎన్.ఎం.సి. క్రాక్ దగ్గరికి పోతే అక్కడ ముగ్గురు ఉన్నారు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ రూట్ కింద నేను లైన్లో నిలబడ్డాను. నాకు చిరాకు వేసింది, దాచడమెందుకు. ఇరవై నిమిషాలు చలిలో చేతులు రుద్దుకుంటూ, ఇన్ని వాదనలు కూడగట్టుకున్న మనిషినేనా అనుకున్నాను.

పైకి నేను ముందు ఎక్కి తాడు లాగాను. అతను సగం దాకా బాగానే వచ్చాడు. అక్కడ చెయ్యి పగుల్లో ఇరికించడం రాక, అంచుల కోసం తడుముకుంటూ కాళ్లు వణికాయి. "బొటనవేలు లోపలికి మడువ్" అని పైనుంచి అరిచాను. రెండుసార్లు జారి మూడోసారి పట్టింది. పైకొచ్చేసరికి వేళ్ల కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. గడ్డిలో వెల్లకిలా పడుకుని కాసేపు మాట్లాడలేదు. ఎదురుగా లోయ అవతలి అంచు మీద ఎండ పడుతోంది.

"అన్నా, మా రూమ్మేట్లు ఇద్దరున్నరు. ఈ జాగ వాళ్లకు చెప్పొచ్చా?"

లోపల ఎక్కడో కలుక్కుమంది. తాడు చుట్టుకుంటూ ఒక్క క్షణం ఆగాను.

"చెప్పు. బస్సు సంగతి కూడా చెప్పు. ఆదివారం ఆఖరిది జల్దీ పోతది, తప్పితే బాస్లోల ఉండిపోవాలె."